బాణం ఎటు వేయాలి, చుక్క నింపాలా వద్దా: సంఖ్యారేఖ మీద అసమీకరణాలు

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్పుకుంటాను. ఎనిమిదో తరగతి చదివే మీ అమ్మాయి అసమీకరణాన్ని, అంటే పెద్దది, చిన్నది అని చెప్పే గుర్తున్న లెక్కను, సాధించగలుగుతోంది, కానీ జవాబును సంఖ్యారేఖ మీద గీయమంటే తడబడుతోంది. ఖాళీ వృత్తం ఎప్పుడు, నిండు చుక్క ఎప్పుడు అన్నది బట్టీ పట్టింది, పరీక్షలో అది తారుమారైంది. "గుర్తు ఎటు చూస్తే బాణం అటే" అని ఎవరో నేర్పిన చిట్కా ఒక లెక్కలో పనిచేసి ఇంకో లెక్కలో ముంచింది. రుణ సంఖ్యతో భాగించినప్పుడు గుర్తు ఎందుకు తిరగబడుతుందని అమ్మాయి అడిగితే మీరు కారణం చెప్పలేకపోయారు.

నేను చాలా ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నాను. మీ అమ్మాయి చేసినవి అందరు పిల్లలూ చేసే తప్పులే, తెలివి తక్కువై చేసినవి కావు. ఆ మూడింటికీ మూలం ఒకటే. గుర్తును చూసి బొమ్మ వేస్తున్నారు. వేయాల్సింది జవాబుల బొమ్మ. ఈ తేడా ఒక్కసారి మనసుకెక్కితే చుక్క, బాణం, తిరగబడటం మూడూ వాటంతట అవే సర్దుకుంటాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

చరరాశికి ఇక్కడ "క" అని రాస్తాను. కనుక్కోవాల్సిన సంఖ్య అనుకోండి. మీ పుస్తకంలో ఎక్స్ అని ఉంటుంది, రెండూ ఒకటే.

సమీకరణంతో మొదలుపెడదాం. క + 2 = 5 అంటే జవాబు ఒక్కటే, 3. సంఖ్యారేఖ మీద 3 దగ్గర ఒక చుక్క పెడితే పని అయిపోయింది. ఇప్పుడు క + 2 > 5 తీసుకోండి. క = 4 పనిచేస్తుంది, 10 పనిచేస్తుంది, 3.5 పనిచేస్తుంది, వెయ్యి పనిచేస్తుంది. జవాబులు ఒక గుంపు. ఆ గుంపునంతా కాగితం మీద రాసి ముగించలేం కాబట్టే బొమ్మ వేస్తున్నాం. రేఖ మీది ప్రతి బిందువూ ఒక సంఖ్య. ఒక్కో సంఖ్య దగ్గరకూ వెళ్లి "నిన్ను క స్థానంలో పెడితే ఇది నిజమవుతుందా?" అని అడుగుతున్నట్టు ఊహించుకోమనండి. అవునన్న వాళ్లకి రంగు వేస్తాం, కాదన్న వాళ్లని వదిలేస్తాం. గ్రాఫ్ అంటే అంతే.

పిల్లలకు ఇది చెప్పగానే కొందరు క > 3 కి 4, 5, 6, 7 దగ్గర చుక్కలు పెట్టి ఊరుకుంటారు. వాళ్ల దృష్టిలో సంఖ్యలంటే గీతల దగ్గర రాసి ఉన్నవే. ఆ గీతల మధ్య ఖాళీ స్థలం ఏమీ లేదని, అక్కడ కూడా సంఖ్యలే కిక్కిరిసి ఉన్నాయని ముందు నమ్మకం కుదరాలి. నేను దీనికి ఒక ఆట ఆడిస్తాను, మీరూ ఇంట్లో ఆడించండి. "3 కన్నా పెద్ద సంఖ్యల్లో అన్నిటికన్నా చిన్నది చెప్పు" అనండి. మొదట 4 అంటారు. మీరు 3.5 అనండి, అదీ 3 కన్నా పెద్దదే. అప్పుడు 3.1 అంటారు. మీరు 3.05 అనండి. కాసేపటికి 3.0001 దాకా వస్తారు. ఆ సంఖ్యకూ 3 కీ సరిగ్గా నడిమధ్యన ఉన్నది చెప్పండి: 3.00005. వాళ్లు ఏది చెప్పినా దానికీ 3 కీ మధ్యలో ఇంకొకటి ఎప్పుడూ దొరుకుతుంది. ఒకసారి తరగతిలో ఒక పిల్లాడు చాక్‌పీస్ పట్టుకుని బోర్డు దగ్గర అలాగే నిలబడిపోయాడు. "మరి గీత ఎక్కడ మొదలుపెట్టాలి టీచర్? 3 దగ్గర పెడితే 3 వచ్చేస్తుంది. పక్కన పెడితే ఎంత పక్కన పెట్టినా కొన్ని మిగిలిపోతున్నాయి" అన్నాడు. ఆ పాఠం మొత్తంలో నేను వినాలనుకునే ప్రశ్న అదే.

దానికి జవాబే ఖాళీ వృత్తం. జవాబుల గుంపుకు మొదటి సంఖ్య అంటూ లేదు, కానీ సరిహద్దు ఉంది. ఆ సరిహద్దు 3. సరిహద్దు ఎక్కడో చూపించాలి, కానీ అది గుంపులో లేదని కూడా చెప్పాలి. అందుకని 3 దగ్గర చిన్న వృత్తం గీసి లోపల ఖాళీగా వదిలేస్తాం, దాన్ని ఆనుకుని కుడివైపు మందమైన గీత లాగుతాం. క ≥ 3 అయితే 3 కూడా గుంపులో ఉంటుంది కాబట్టి అదే వృత్తాన్ని నింపేస్తాం. ఈ రెండు బొమ్మలకూ తేడా ఒక్క బిందువే. ఆ ఒక్క బిందువు గురించి నిజం చెప్పడమే వృత్తం పని.

కాబట్టి బట్టీ పట్టించకండి. చుక్క నింపాలా వద్దా అన్న సందేహం వచ్చిన ప్రతిసారీ సరిహద్దు సంఖ్యను అసమీకరణంలో పెట్టి చూడమనండి. 3 > 3 నిజమా? కాదు, ఖాళీ. 3 ≥ 3 నిజమా? "పెద్దది లేదా సమానం" అన్న రెండింటిలో ఒకటి నిజమైతే చాలు. సమానం అన్నది నిజం కదా, అందుకని నింపాలి. రెండు సెకన్ల పని. పరీక్ష టెన్షన్‌లో బట్టీ పట్టిన నియమం తిరగబడవచ్చు, వేసి చూడటం మాత్రం తిరగబడదు.

ఇక బాణం సంగతి. "గుర్తు ఎటు చూస్తే బాణం అటే" అన్న చిట్కా ఎందుకు పుట్టిందో తేలికగానే తెలుస్తుంది. క < 5 లో < గుర్తు మొన ఎడమవైపుకు ఉంటుంది, బాణం కూడా ఎడమకే వేయాలి. క > 5 లో రెండూ కుడికే. చరరాశి ఎడమవైపున ఉన్నంతవరకూ ఈ పోలిక కుదురుతుంది. 5 > క అని రాయగానే గుర్తు కుడికి చూస్తుంది, జవాబులు ఎడమకి ఉంటాయి. మీ అమ్మాయికి తప్పు వచ్చింది సరిగ్గా ఇక్కడే. ఈ చిట్కాను నేను ఎప్పుడూ నేర్పను. సగం లెక్కల్లో నిజమయ్యే నియమం పూర్తిగా తప్పు నియమం కన్నా ప్రమాదం, ఎందుకంటే పిల్లలు దాన్ని నమ్ముతారు.

దానికి బదులు రెండు పనులు చేయించండి. మొదటిది, వాక్యాన్ని క తో మొదలుపెట్టి చదవమనండి. "5 అనేది క కన్నా పెద్దది" అంటే "క అనేది 5 కన్నా చిన్నది" అనే అర్థం. అన్న తమ్ముడి కన్నా పెద్దవాడంటే తమ్ముడు అన్న కన్నా చిన్నవాడనే కదా. నోటితో అలా తిప్పి చదివాక, కావాలంటే క < 5 అని తిరిగి రాసుకోవచ్చు. రాసేటప్పుడు రెండు వైపులూ తారుమారైతే గుర్తూ తారుమారు కావాలి, నోరు తెరిచిన వైపు పెద్ద సంఖ్య ఉండాలి. రెండోది, సరిహద్దుకు ఒక పక్కన ఉన్న సులువైన సంఖ్య ఒకటి వేసి చూడమనండి. సరిహద్దు సున్నా కానప్పుడు సున్నాను మించిన సులువు లేదు. 5 > 0 నిజమే. అంటే సున్నా ఉన్న వైపుకే గీత. నిజం కాకపోతే అవతలి వైపు. మీ అమ్మాయి బొమ్మ వేశాక ఇలా ఒక్క సంఖ్యతో సరిచూసుకోవడం అలవాటైతే దిక్కు తప్పులు దాదాపుగా పోతాయి.

ఇక్కడ పిల్లల పుస్తకాల్లో నేను తరచూ చూసే చిన్న గందరగోళం ఒకటుంది. సంఖ్యారేఖకే రెండు చివర్లా బాణాలుంటాయి, రేఖ అటూ ఇటూ సాగుతూనే ఉంటుందని చెప్పడానికి. జవాబు గీతకు కూడా చివర బాణం ఉంటుంది, జవాబులు ఎక్కడా ఆగవని చెప్పడానికి. ఒకే పెన్సిల్‌తో రెండూ గీస్తే ఏ బాణం దేనిదో తెలియదు. జవాబును రంగు పెన్సిల్‌తో గానీ, రేఖకు కొంచెం పైన మందంగా గానీ గీయమనండి. అంకెలన్నీ రాయాల్సిన అవసరం కూడా లేదు, సరిహద్దు సంఖ్య, సున్నా, అటూ ఇటూ రెండు మూడు అంకెలుంటే చాలు. సరిహద్దు భిన్నమైతే అది ఏ రెండు పూర్ణాంకాల మధ్య ఉందో ముందు తేల్చుకోవాలి. 7/3 అనేది 2 దాటి మూడోవంతు దూరంలో ఉంటుంది. −3/2 దగ్గర చాలామంది జారిపోతారు. అది −1, −2 ల నడుమ ఉంటుంది. కొందరు దాన్ని −1 కీ 0 కీ మధ్య పెట్టేస్తారు.

అసలు రుణ సంఖ్యల వరుస దగ్గరే సగం తప్పులు మొదలవుతాయి. క < −2 గీయమంటే 7 కన్నా 2 చిన్నదన్న అలవాటుతో −7 కన్నా −2 చిన్నదనుకుంటారు. 1685లో అచ్చయిన బీజగణిత గ్రంథంలో ఇంగ్లండ్ గణితవేత్త జాన్ వాలిస్ దీన్ని నడకతో వివరించాడు: ఒక మనిషి 5 గజాలు ముందుకు నడిచి, 8 గజాలు వెనక్కి వస్తే బయలుదేరిన చోటుకు 3 గజాలు వెనక ఉంటాడు. ఆ వెనకనున్న 3 నే −3. రుణ సంఖ్యలను గీత మీద చోట్లుగా చూపించిన తొలి వివరణల్లో అదొకటి. నేటికీ పిల్లలకు అంతకన్నా బాగా ఎక్కే పోలిక నాకు దొరకలేదు. ఎక్కువ వెనక్కి వెళ్లినవాడు తక్కువ చోట ఉన్నాడు. −7 దగ్గరున్నవాడు −2 దగ్గరున్నవాడికి వెనక ఉన్నాడు, కాబట్టి −7 < −2. సంఖ్యారేఖ మీద ఎడమన ఉన్నదే చిన్నది, ఇంకో నియమం అక్కర్లేదు.

ఇప్పుడు మీకు జవాబు దొరకని ప్రశ్న. −2క > 6 అన్నదాన్ని −2 తో భాగిస్తే క < −3 ఎందుకవుతుంది, > గుర్తు ఎందుకు తిరగబడుతుంది? "అది నియమం" అని ఊరుకోకుండా చేతులతో చూపించవచ్చు.

ఒక పొడవాటి కాగితం తీసుకుని సంఖ్యారేఖ గీయండి. −6 నుంచి 6 దాకా సమాన దూరాల్లో అంకెలు రాయండి. 2 మీద, 5 మీద ముదురు చుక్కలు పెట్టండి. 2 < 5, అంటే 2 ఎడమన, 5 కుడిన. ఇప్పుడు కాగితాన్ని సరిగ్గా సున్నా దగ్గర నిలువుగా మడవండి. 2 వెళ్లి −2 మీద పడింది, 5 వెళ్లి −5 మీద పడింది. −1 తో గుణించడమంటే ఇదే, ప్రతి సంఖ్యా సున్నాకు అవతల అంతే దూరానికి వెళ్తుంది. కుడివైపు ఎక్కువ దూరంలో ఉన్న 5 ఇప్పుడు ఎడమవైపు ఎక్కువ దూరంలో ఉంది. వరుస తిరగబడింది: −2 > −5. మడిచిన కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే చుక్కలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. అద్దంలో కుడి చెయ్యి ఎడమైనట్టే, సంఖ్యల కుడి ఎడమలు మారాయి. కుడి ఎడమల వరుసనే గుర్తు చెబుతుంది కాబట్టి వరుస తిరగబడితే గుర్తూ తిరగబడాల్సిందే.

మిగతా పనులు కూడా ఇలాగే కళ్ల ముందు పెట్టవచ్చు. రెండు వైపులా ఒకే సంఖ్యను కలిపితే గుంపంతా ఒకే దూరం పక్కకు జరుగుతుంది. తీసేసినా అంతే, ఇంకోవైపు జరుగుతుంది. వరుస చెదరదు. 2 తో గుణిస్తే అందరూ సున్నాకు రెట్టింపు దూరం వెళ్తారు, రబ్బరు సాగదీసినట్టు. అప్పుడూ వరుస చెదరదు. రుణ సంఖ్యతో గుణించినా భాగించినా మాత్రమే బొమ్మ అటుది ఇటు తిరుగుతుంది. సున్నాతో గుణిస్తే అందరూ వచ్చి సున్నా మీదే పడతారు, వరుసే మిగలదు, అందుకే ఆ పని ఎప్పుడూ చేయం.

నమ్మకం ఇంకా కుదరకపోతే తిరగబడే నియమాన్ని అసలు వాడకుండానే అదే జవాబు రాబట్టి చూపించండి. −2క > 6. రెండు వైపులా 2క కలపండి: 0 > 6 + 2క. రెండు వైపులా 6 తీసేయండి: −6 > 2క. ఇప్పుడు ధన సంఖ్య 2 తో భాగించండి: −3 > క. అంటే క అనేది −3 కన్నా చిన్నది. ఎక్కడా గుర్తును ముట్టుకోలేదు, అయినా క < −3 వచ్చింది. −4 వేసి సరిచూడండి: −2 × −4 = 8, 8 > 6 నిజం. 0 వేస్తే 0 > 6, అబద్ధం. సరిహద్దు −3 వేస్తే 6 > 6, అదీ అబద్ధం, కాబట్టి ఖాళీ వృత్తం. తిరగబడే నియమం ఈ మూడు మెట్లను ఒక్క అడుగులో దాటించే దారి, అంతే. నియమం మరిచిపోయిన రోజు మీ అమ్మాయి ఈ పొడుగు దారిలో నడిచినా మార్కులకు లోటుండదు.

ఒక హెచ్చరిక. ఈ నియమం నేర్చుకున్న వారం పాటు పిల్లలు ఎక్కడ రుణ గుర్తు కనిపించినా గుర్తును తిప్పేస్తారు. 2క > −6 లో కూడా తిప్పి క < −3 రాస్తారు. ఇక్కడ భాగిస్తున్నది 2 తో, అది ధన సంఖ్య. జవాబు క > −3. −6 కుడివైపు ఊరికే నిలబడి ఉంది, దానికి గుర్తుతో సంబంధం లేదు. "ఏ సంఖ్యతో భాగిస్తున్నావు?" అన్న ప్రశ్న ప్రతిసారీ అడగండి. "ఎక్కడైనా మైనస్ ఉందా?" అని మాత్రం అడగకండి, ఆ ప్రశ్నే ఈ తప్పును పెంచుతుంది. పై తరగతుల్లో ఇదే విషయం ఇంకో రూపంలో వస్తుంది. 1/క < 1 ని చూసి రెండు వైపులా క తో గుణించి 1 < క అని రాసేస్తారు. క ధన సంఖ్యో రుణ సంఖ్యో తెలియకుండా గుణించారు. క = −2 వేస్తే −1/2 < 1 నిజమే, కానీ వాళ్ల జవాబులో −2 లేదు. రుణ సంఖ్యలన్నీ పోయాయి. ఇప్పుడు మడత పెట్టిన కాగితం అర్థమైన పిల్లకు అప్పుడు ఈ గొయ్యి ముందే కనిపిస్తుంది.

మాటల లెక్కల గురించి మీరు అడగలేదు కానీ, చెప్పకుండా ఉండలేను. మన భాషలో కొన్ని మాటలు పిల్లల్ని వెనక్కి లాగుతాయి. "కనీసం 5" అనగానే "కనీసం అంటే తక్కువ" అనుకుని ఎడమకి గీస్తారు. నిజానికి 5 చాలు, అంతకన్నా ఎక్కువైనా సరే, కాబట్టి క ≥ 5. "5 కి తక్కువ కాకుండా" అన్నా అదే అర్థం, కానీ అందులో తక్కువ అన్న మాట కనిపించి మోసం చేస్తుంది. "5 కి మించకుండా" అంటే క ≤ 5. "18 ఏళ్లు నిండినవారు" అంటే 18 కూడా లెక్కలోకి వస్తుంది, "18 దాటినవారు" అన్నప్పుడు ఆగి ఆలోచించాలి. "10 లోపు" అన్నది ఇంకా ఇబ్బంది, మాట్లాడేటప్పుడు కొందరు 10 ని కలుపుకుంటారు, కొందరు కలుపుకోరు. ప్రశ్నపత్రంలో అలాంటి మాట వస్తే తక్కిన వాక్యంలో ఆధారం వెతకాలి. ఇక్కడా పద్ధతి అదే. ఆ హద్దు సంఖ్యనే పట్టుకుని "సరిగ్గా ఇంతే ఉంటే ఒప్పుకుంటారా?" అని అడగాలి. ఒప్పుకుంటే నిండు చుక్క.

తరగతిలో నేను తప్పకుండా ఇచ్చే ఉదాహరణ గడ్డకట్టించి నిల్వ చేసే ఆహారం. దాని ఉష్ణోగ్రత −18 డిగ్రీల సెల్సియస్‌కు మించకూడదు. క ≤ −18. ముందు బొమ్మ వేయించకుండా ప్రశ్నలు అడుగుతాను. "పెట్టె −20 చూపిస్తోంది, ఫర్వాలేదా?" కొందరు 20 అనేది 18 ని మించింది కాబట్టి కుదరదంటారు. "−15 అయితే?" అది ఫర్వాలేదంటారు. అప్పుడు నిలువుగా ఒక థర్మామీటర్ గీసి −15, −18, −20 గుర్తులు పెట్టమంటాను. −15 పైన ఉంటుంది, −20 కింద ఉంటుంది. ఏది వెచ్చన, ఏది చల్లన అని అడగ్గానే మొహాల్లో మార్పు వస్తుంది. ఆ థర్మామీటర్‌ను పక్కకు పడుకోబెడితే అదే సంఖ్యారేఖ. −18 దగ్గర నిండు చుక్క, గీత ఎడమకి. ఒకే ఉదాహరణలో రుణ సంఖ్యల వరుస, "మించకూడదు" అన్న మాట, నిండు చుక్క మూడూ తేలిపోతాయి. నిజమైన థర్మామీటర్ ఎడమకి అనంతంగా సాగదు, −273.15 డిగ్రీల దగ్గర ఆగుతుందని తెలిసిన పిల్ల అంటే ఇంకా సంతోషించండి, అసమీకరణానికి రెండో హద్దు కూడా దొరికినట్టే.

ఇంకో ముఖ్యమైన విషయం, క ఎలాంటి సంఖ్య అన్నది. లిఫ్టులో గరిష్ఠంగా 8 మంది ఎక్కవచ్చు అన్నప్పుడు మూడున్నర మనుషులుండరు. ఇక్కడ గీత లాగితే తప్పు. 0 నుంచి 8 దాకా తొమ్మిది విడివిడి చుక్కలు పెట్టాలి. ప్రశ్నలో "క పూర్ణాంకం" అని చిన్నగా రాసి ఉంటుంది, పిల్లలు దాన్ని దాటేసి వెళ్లిపోతారు. దీనివల్ల ఒక అందమైన సంగతి కూడా బయటపడుతుంది. క పూర్ణాంకమైతే క > 3 అన్నా, క ≥ 4 అన్నా ఒకటే, రెండింటి చుక్కలూ 4 దగ్గరే మొదలవుతాయి. క వాస్తవ సంఖ్య అయితే, అంటే రేఖ మీది ఏ సంఖ్యైనా కావచ్చంటే, 3 కీ 4 కీ మధ్యనున్న లెక్కలేనన్ని సంఖ్యలు మొదటి దాంట్లో ఉంటాయి, రెండో దాంట్లో ఉండవు. మీ అమ్మాయితో ఆ రెండు బొమ్మలూ పక్కపక్కన వేయించండి.

జంట అసమీకరణాలకు పెద్దగా కొత్త విషయమేమీ లేదు. −2 ≤ క < 3 అంటే రెండు షరతులూ ఒకేసారి నెరవేరాలి, రెండు బొమ్మల్లోనూ రంగు పడిన భాగమే జవాబు. −2 దగ్గర నిండు చుక్క, 3 దగ్గర ఖాళీ వృత్తం, నడుమ గీత. బాణం ఉండదు. "క < −1 లేదా క ≥ 2" అంటే ఏదో ఒకటి నెరవేరినా చాలు, రెండు ముక్కల బొమ్మ వస్తుంది, మధ్యలో ఖాళీ ఉంటుంది. దీన్ని కుదించి 2 ≤ క < −1 అని రాయడం తప్పు, ఎందుకంటే అప్పుడు 2 అనేది −1 కన్నా చిన్నదని చెప్పినట్టవుతుంది. క + 1 > క లాంటిది వస్తే రేఖంతా రంగే, క > క + 1 వస్తే ఒక్క బిందువుకూ రంగు పడదు. అలాంటి జవాబు వచ్చినప్పుడు పిల్లలు తప్పు చేశామనుకుని కొట్టేస్తారు, కొట్టేయొద్దని చెప్పండి.

కొన్ని పుస్తకాల్లో వృత్తాలకు బదులు బ్రాకెట్లు కనిపిస్తే కంగారు పడకండి. ఖాళీ వృత్తం చోట ( , నిండు చుక్క చోట [ వాడతారు. క > 3 ని (3, ∞) అనీ, క ≥ 3 ని [3, ∞) అనీ రాస్తారు. ∞ పక్కన ఎప్పుడూ గుండ్రటి బ్రాకెట్టే, ఎందుకంటే అది చేరుకోగల సంఖ్య కాదు. అనంతానికి ఆ గుర్తును 1655లో వాడుకలోకి తెచ్చింది కూడా పైన చెప్పిన వాలిసే. < , > గుర్తులు అంతకన్నా కొంచెం ముందువి, ఇంగ్లండ్ గణితవేత్త థామస్ హారియట్ చనిపోయిన పదేళ్లకు, 1631లో వెలువడిన ఆయన గ్రంథంలో అచ్చయ్యాయి. సమానం కూడా కలిసి ఉన్న గుర్తులకు ఇంకో వందేళ్లు పట్టింది, 1734లో ఫ్రెంచి శాస్త్రవేత్త పియరీ బూగే వాడాడు. "పెద్దది", "పెద్దది లేదా సమానం" అన్న రెండింటికీ వేర్వేరు గుర్తులు రావడానికే అంతకాలం పట్టిందంటే, మీ అమ్మాయికి ఒక వారం పట్టడంలో వింత లేదు.

ఈ వారం ఐదు లెక్కలు చేయించండి, వరుస మార్చకండి. క + 4 > 1 తో మొదలుపెట్టండి, జవాబు క > −3, సరిహద్దు రుణ సంఖ్య అయినా గుర్తు తిరగదు. తర్వాత 7 ≥ క, నిండు చుక్క, గీత ఎడమకి, పాత చిట్కా ఇంకా మనసులో ఉందో లేదో ఇక్కడ తెలిసిపోతుంది. మూడోది 3క ≥ −12, జవాబు క ≥ −4, అనవసరంగా తిప్పిందేమో చూడండి. నాలుగోది 4 − క ≤ 1. 4 తీసేస్తే −క ≤ −3, −1 తో గుణిస్తే క ≥ 3. 5 వేస్తే −1 ≤ 1, నిజం. 0 వేస్తే 4 ≤ 1, అబద్ధం. గీత కుడికే.

ఐదోది −1 ≤ 3 − 2క < 7. మూడు చోట్లా 3 తీసేస్తే −4 ≤ −2క < 4. −2 తో భాగిస్తే రెండు గుర్తులూ తిరుగుతాయి: 2 ≥ క > −2. చిన్నది ఎడమన వచ్చేలా రాసుకుంటే −2 < క ≤ 2. ఇక్కడ నిండు చుక్క ఎటు, ఖాళీ వృత్తం ఎటు అని తప్పకుండా తడబడుతుంది, ఎందుకంటే మొదట ఎడమనున్న ≤ ఇప్పుడు కుడికి వచ్చింది. మీరు చెప్పకండి, అసలు ప్రశ్నలోనే రెండు సరిహద్దులనూ వేసి చూడమనండి. క = 2 పెడితే −1 వస్తుంది, −1 ≤ −1 నిజం, అక్కడ నింపాలి. క = −2 పెడితే 7 వస్తుంది, 7 < 7 అబద్ధం, అక్కడ ఖాళీ. క = 0 పెడితే 3 వస్తుంది, అది −1 కీ 7 కీ మధ్యనే ఉంది, కాబట్టి గీత ఆ రెండు వృత్తాల నడుమే.